ఇస్త్రీ చొక్కాతో వెళ్ళకూడని చోటు

మా టిఫిన్ బండికి రోజూ వచ్చే హమాలీ ఒకాయన ఒక పొద్దున చెయ్యి మెడకి వేలాడేసుకుని వచ్చాడు. లారీ మీంచి పడ్డాడట, ఎముక విరిగిందట. ఆ సంగతి నాకు చెప్పింది ఆయన కాదు, పక్కనున్నవాళ్ళు. "ఎలా ఉన్నారండీ" అని నేనడిగితే ఆయన మాత్రం, "బాగున్నానండి, కొంచెం చట్నీ ఎక్కువెయ్యండి" అన్నాడు. రెండో చెయ్యి కూడా విరిగితే ఇంకా బాగుంటారేమో, అప్పుడు సాంబారు కూడా ఎక్కువేస్తానన్నాను. నవ్వాడు. నవ్వితే భుజం నొప్పెట్టి మొహం చిట్లించాడు. అయినా నవ్వాడు.

మా వైపు మనుషులు ఇంతే. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా, అటు కొల్లేరు లంకల దాకా, ఎవర్ని పలకరించినా ముందు బాగున్నామనే అంటారు. కష్టం చెప్పుకోవడానికి వరసైన మనిషి కావాలి, కూర్చోవడానికి అరుగు కావాలి, ఇచ్చిన కాఫీ సగమైనా అవ్వాలి. నిలబెట్టి అడిగితే మాత్రం బాగున్నాం. ఇది మర్యాద. ఈ మర్యాదే మా తమ్ముడి కొంప ముంచింది. కాదు, తప్పు చెప్పాను. మర్యాద ముంచలేదు. మర్యాదగా మాట్లాడినవాడికి రోగం లేదని రాసిపారేసినవాళ్ళు ముంచారు.

నాది గూడెంలో ఉల్లిపాయల మార్కెట్‌కి ఎదురుగా ఇడ్లీ, పెసరట్టు బండి. పొద్దున్నే మార్కెట్ జనం వస్తారు. వాళ్ళని వెక్కిరించి, వాళ్ళతో వెక్కిరింపించుకుని, తినిపించి పంపిస్తాను. చదువు ఏడో తరగతి దాకా. ఆపైన చదువు నన్ను వదిలేసిందో నేనే దాన్ని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు గానీ, విడిపోయాక ఇద్దరం సుఖంగానే ఉన్నాం. మా ఇంట్లో ఉన్న చదువంతా తమ్ముడికే పెట్టారు. నాన్న పోయాక వాడూ అమ్మా కొల్లేరు పక్కన మా ఊళ్ళోనే ఉండిపోయారు.

వాడు వట్లూరు వైపు ఒక కాలేజీలో డిప్లొమా చదువుతూ, ఒకరోజు పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేశాడు. హాస్టల్ గోడల్లో మనుషులున్నారనీ, వాళ్ళు తన గురించే మాట్లాడుకుంటున్నారనీ చెప్పాడు. అంతమంది కూర్చుని మాట్లాడుకోవడానికి మన దగ్గర ఏముందిరా అని నవ్వాను. వాడు నవ్వలేదు. నా మాటకి వాడు నవ్వకపోవడం అదే మొదటిసారి.

తరవాత అందరూ చేసేదే మేమూ చేశాం. తాయెత్తు కట్టించాం, చర్చిలో ప్రార్థన చేయించాం, దర్గాలో నీళ్ళు చల్లించాం. అన్ని మతాలకీ సమానంగా అవకాశం ఇచ్చాం, ఏదీ గెలవలేదు. ఆఖరికి ఏలూరులో ఒక డాక్టరు మాత్రలు మొదలుపెట్టాక గోడల్లో మనుషుల గోల తగ్గింది. పోలేదు, తగ్గింది. పక్కింట్లో టీవీ మోగుతున్నట్టు ఉంటుందక్కా, పనిలో ఉంటే పట్టించుకోనక్కర్లేదు అనేవాడు.

పని కూడా దొరికింది. మా ఊరి చుట్టూ చేపల చెరువులే. చెరువులో చేప ఎదుగుతుంటే పైన నీటికాకులూ కొంగలూ దిగుతాయి. అవి దిగకుండా గట్టు మీద మనిషి ఉండాలి, డబ్బా వాయించాలి, అరవాలి. తమ్ముడికి ఆ పనిచ్చాడు ఒక చెరువు రైతు. నేను చూసిన ఉద్యోగాల్లో మనిషికి అంత సరిగ్గా అతికిన ఉద్యోగం ఇంకోటి లేదు. ఊళ్ళో అరిస్తే పిచ్చి, గట్టు మీద అరిస్తే డ్యూటీ. లోపల మాట్లాడేవాళ్ళకి వాడు గట్టిగా సమాధానం చెప్పేవాడు, ఆ చప్పుడుకి కొంగలు లేచిపోయేవి. రైతు సంతోషించేవాడు, వాడు సంతోషించేవాడు, కొంగలు పక్క చెరువుకి పోయేవి. పక్క చెరువాయన మాత్రం మా వాణ్ణి తిట్టుకునేవాడు. ఊరన్నాక ఒకరైనా తిట్టుకోవాలి కదా.

అప్పట్లోనే వాడికి వికలాంగుల సర్టిఫికెట్ వచ్చింది, దాని మీద పింఛను వచ్చేది. ఆ పింఛను నేరుగా మందుల షాపుకి పోయేది. వాడి బుర్రని నిలబెట్టిన మాత్రలకీ మాకూ మధ్య ఉన్నది ఆ సర్టిఫికెట్ ఒక్కటే. ఈ మాట గుర్తుంచుకోండి. మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

ఒకరోజు ఊళ్ళో సచివాలయం వాళ్ళు వచ్చి, పింఛనున్న వికలాంగులందర్నీ మళ్ళీ పరీక్ష చేస్తారు, ఏలూరు ఆసుపత్రికి రమ్మన్నారని చెప్పారు. దొంగ సర్టిఫికెట్లు పట్టుకోవడానికట. దొంగల్ని పట్టుకోవడం మంచిదే. కానీ మా వీధి చివర కాలు మోకాలి దాకా తీసేసినాయన ఉన్నాడు, ఆయన్నీ రమ్మన్నారు. "మళ్ళీ మొలిచిందేమో చూస్తారు బాబాయ్, ఒకవేళ మొలిస్తే ముందు నాకు చెప్పు, చెప్పులు కొనిపెడతాను" అన్నాను. ఆయన నవ్వి, ఇంట్లోకెళ్ళి చాలాసేపు బయటికి రాలేదని వాళ్ళావిడ తరవాత చెప్పింది.

మా అమ్మ మాత్రం ఆ కబురుని పెళ్ళిచూపుల కబురులాగే తీసుకుంది. పెద్ద డాక్టర్లు చూస్తారు, పిల్లాడు శుభ్రంగా ఉండాలి. ముందురోజే మంగలిని పిలిపించి జుట్టు కత్తిరించి గడ్డం తీయించింది. పొద్దున్నే తలంటింది. నీలం చొక్కా ఇస్త్రీ చేయించి, దాన్ని బల్ల మీద పరిచి, మా అందర్నీ దాని దరిదాపుల్లోకి రానివ్వలేదు. మాటలు కూడా నేర్పింది. లోపలికెళ్ళగానే నమస్కారం పెట్టు, అడిగినదానికి అండీ పెట్టి చెప్పు, తల గోక్కోకు, ఎవరో పిలుస్తున్నట్టు వెనక్కి చూడకు. వాడు బుద్ధిగా అన్నిటికీ తలూపాడు. కట్నం కూడా అడుగుతావేమో అన్నాను అమ్మని. అమ్మ నన్ను కసిరింది గానీ మొహంలో మురిపెం దాగలేదు. ఎన్నో ఏళ్ళ తరవాత కొడుకుని నలుగురిలోకి తీసుకెళ్తోంది.

ఏలూరు ఆసుపత్రిలో పరీక్ష పైఅంతస్తులో పెట్టారు. నడవలేనివాళ్ళకి పెట్టే పరీక్ష పైఅంతస్తులో. ఈ ఆలోచన ఎవరికొచ్చిందో గానీ ఆ బుర్రని కూడా ఒకసారి పరీక్ష చేయించాలి. చక్రాల కుర్చీలెక్కే ర్యాంపు లేదా అంటే ఉంది, దాని నిండా విరిగిన మంచాలు పడేసి ఉన్నాయి. కాళ్ళు లేనివాళ్ళు చేతుల మీద మెట్లెక్కుతున్నారు, ముసలివాళ్ళని మనవలు వీపు మీద మోస్తున్నారు. ఎక్కగలిగితే వికలాంగుడు కాదు, ఎక్కలేకపోతే రాలేదని రాసుకుంటారు. చాలా తెలివైన పరీక్ష, మెట్ల దగ్గరే సగం పనైపోతుంది.

గుమ్మం దగ్గర ఒక అటెండరు పేర్లు పిలుస్తున్నాడు. చెవుడున్నవాళ్ళ వరస వచ్చింది. గొంతు చించుకుని పేరు పిలుస్తాడు, ఎవరూ లేవరు, ఆబ్సెంట్ అని రాసుకుని ఇంకో పేరు పిలుస్తాడు. బెంచీ మీద చెవిటివాళ్ళు వాణ్ణే చూస్తూ, తమని ఎప్పుడు పిలుస్తాడా అని కూర్చున్నారు. కాసేపు చూసి ఉండబట్టలేక లేచాను.

"ఏవండీ, మీరు పిలిస్తే లేచి వచ్చినవాడికి పింఛను ఆపేస్తారా, లేకపోతే లేవనివాడికా?" అన్నాను.

వాడికి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక, మీకెందుకమ్మా మీ పని చూసుకోండి అన్నాడు. బెంచీ దగ్గరికెళ్ళి ఒక్కొక్కర్నీ భుజం తట్టి లేపాను. వాడు రాసేసినవి కొట్టేస్తూ నన్ను తిడుతూనే ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను లేవకపోయి ఉంటే వాళ్ళలో ఎంతమంది సాయంత్రం దాకా అలాగే కూర్చుని, ఇంటికెళ్ళిపోయి ఉండేవాళ్ళో.

మా వంతు వచ్చింది. గదిలో బల్ల వెనక ఒక డాక్టరు. తమ్ముడు నమస్కారం పెట్టాడు. అమ్మ వెనక నిలబడి, వాడు చెప్పే ప్రతి మాటకీ పెదాలు కదుపుతోంది. డాక్టరు తల ఎత్తకుండా పేరడిగాడు, చెప్పాడు. ఇవాళ ఏ వారమన్నాడు, చెప్పాడు. నిద్ర పడుతుందా అంటే పడుతుందండి అన్నాడు. పనేమైనా చేస్తావా అంటే ఆయ్, చేస్తానండి, చెరువు దగ్గరండి అన్నాడు.

"ఎలా ఉన్నావు మరి?"

"బాగున్నానండి. తమరు బాగున్నారాండి?"

డాక్టరు మొదటిసారి తలెత్తి చూశాడు. చూసింది నీలం చొక్కాని. "బాగానే ఉన్నాడు కదమ్మా" అన్నాడు అమ్మతో.

అమ్మ మొహం వెలిగిపోయింది. నేను ముందుకొచ్చి, మాత్రలు వేసుకుంటున్నాడు కాబట్టి ఇలా ఉన్నాడండి, అవి మానేస్తే ఇలా ఉండడండి అని చెప్పబోయాను. మిమ్మల్ని అడిగానా అన్నాడు డాక్టరు. ఆ తరవాతి పేరు అప్పటికే గుమ్మం దగ్గర మోగుతోంది. ఇడ్లీ వాయి ఉడకడానికి పట్టేంత సేపు కూడా లేదు. తమ్ముడి బుర్రలో ఇన్నేళ్ళుగా ఉన్నదంతా అంతలో చూసేశాడు మహానుభావుడు.

ఆ తప్పు డాక్టరుది. ఇక మా ఇంటి తప్పు. బయటికొచ్చాక నేను గూడెం వచ్చేశాను, ఊరికెళ్ళే బస్సులో అమ్మ పక్కనున్న ఆవిడకి చెప్పిందట, ముందు సీట్లో ఉన్న ఆవిడకి చెప్పిందట, టిక్కెట్టు కొట్టే కండక్టరుకి కూడా చెప్పిందట. మా అబ్బాయికి తగ్గిపోయిందటండి, పెద్ద డాక్టరుగారే చెప్పారండి. మనుషులకి మానిన పుండులో కూడా నొప్పి ఉంటుందని అమ్మకి తెలుసు. కానీ సర్కారు ఆసుపత్రిలో, బల్ల వెనక కూర్చుని, స్టాంపు చేతిలో ఉన్న మనిషి అన్న మాట అమ్మకి ఉత్తి మాట ఎలా అవుతుంది? తగ్గిందనడం వేరు, పింఛనుకి సరిపడా రోగం లేదనడం వేరని నేను ఫోనులో చెప్తే, "నువ్వు చదివింది ఏడు, ఆయన చదివింది ఎంతో, ఏమే నీకు తెలుస్తుందా ఆయనకి తెలుస్తుందా?" అంది. ఏడు ఏడే.

ఇంటి దగ్గర పరవాన్నం వండి వీధంతా పంచింది. మాత్రలు ఆపేసింది. రోగం లేనివాడికి మందెందుకు? నాకు చెప్పలేదు, చెప్తే గొడవ చేస్తానని. కొన్నాళ్ళకి పింఛను కూడా ఆగిపోయింది. మందులు మానేశాం కాబట్టి ఆ డబ్బుతో అవసరమేముంది అనుకుందట. లెక్క సరిగ్గా సరిపోయిందని కూడా అనుకుందట.

తమ్ముడు ముందు అరవడం మానేశాడు. ఊళ్ళో అందరూ బాగుపడ్డాడన్నారు. పక్క చెరువాయన కూడా వచ్చి మెచ్చుకున్నాడట. వాడు గట్టు మీద ఊరికే కూర్చుని వింటున్నాడని ఎవరికీ తట్టలేదు. ఎదురు చెప్పడం మానేసి వినడం మొదలుపెట్టాడు. నీటికాకులు వచ్చి చెరువులో దిగుతుంటే వాటికి దారిచ్చి, తన కారియర్‌లో అన్నం కూడా గట్టు మీద పెట్టేవాడట. రైతు అడిగితే, వీళ్ళకి ఆర్డరు ఉందండి, మనం ఆపకూడదండి అన్నాడట, ఎంతో మర్యాదగా.

ఒకరోజు టిఫిన్ల వేళ అయిపోతుండగా ఆ రైతే ఫోను చేశాడు. అమ్మాయ్, మీ తమ్ముడు చెరువులో దిగాడు, పైకి రావట్లేదు, మనుషుల్ని పంపితే ఇంకా లోపలికి పోతున్నాడు, నువ్వు రావాలి అన్నాడు. పిండి గిన్నె మూతేసి, బండి పక్కవాళ్ళకి అప్పజెప్పి, తెలిసిన ఆటో పట్టుకుని పరిగెత్తాను. దారిలో ఆటో అబ్బాయి నా మొహం చూసి భయపడి, బాగున్నారా అక్కా అని అడిగాడు. బాగున్నానన్నాను.

చెరువు మధ్యలో చేపల మేతకి తవుడు సంచులు కట్టే కర్రలుంటాయి. ఆ కర్రల మధ్య తమ్ముడు గొంతు దాకా నీళ్ళలో నిలబడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు మా మీద లేదు. గట్టు మీద అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, వచ్చెయ్ నాన్నా వచ్చెయ్ అని ఒకటే పిలుపు. చుట్టూ జనం. పడవలో ఇద్దరు మనుషులు దగ్గరికెళ్ళడానికి చూస్తే రైతు వద్దని ఆపాడు.

నాకేం చెయ్యాలో తెలియలేదు. నాకు వచ్చిన పని ఒకటే.

"ఒరేయ్, అక్కడ నిలబడి ఏం చేస్తున్నావు? చేపలు నిన్ను తవుడు సంచి అనుకోవూ?" అన్నాను.

వాడు నా వైపు తిరిగాడు. "వీళ్ళు రావద్దంటున్నారక్కా."

"ఎవరు?"

"వీళ్ళే."

"అయితే వాళ్ళని కూడా తీసుకురా. పెసరట్టు పిండి గిన్నె నిండా ఉంది. ఎంతమంది ఉన్నారో అడుగు, ఉల్లిపాయలు తరగాలి."

వాడు కాసేపు పక్కకి తిరిగి, ఎవరితోనో మాట్లాడాడు. నిజంగానే అడిగాడు. తరవాత, "చాలామంది ఉన్నారక్కా, నీకు కష్టమవుతుంది" అన్నాడు.

"నాకు అలవాటే, పొద్దున్నే మార్కెట్ అంతా తినిపోతుంది. రా."

వచ్చాడు. ఒక్కో అడుగూ వేస్తూ, వెనకున్నవాళ్ళకి దారి చూపిస్తున్నట్టు ఆగి ఆగి వచ్చాడు. గట్టు దగ్గరికి రాగానే చెయ్యి పట్టుకున్నాను.

ఆ తడిబట్టలతోనే ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అత్యవసర విభాగం గుమ్మంలో ఒకాయన అడిగిన మొదటి మాట, తాడు తెచ్చారా అని. ఆవుని తోలుకురాలేదండి, మా తమ్ముణ్ణి తీసుకొచ్చామన్నాను. పేషెంటు పారిపోతే మాది బాధ్యత కాదమ్మా, మా దగ్గర కట్టడానికి ఏమీ ఉండవు, మీరే తెచ్చుకోవాలి అన్నాడు. దూదీ సూదీ బయట కొనుక్కురమ్మంటారని తెలుసు. తాడు కూడా అని తెలియదు. నేను ఆయనతో గొడవ పెట్టుకోబోతుంటే తమ్ముడు రెండు చేతులూ ముందుకి చాపాడు.

"కట్టెయ్యక్కా, పాపం వాళ్ళకి భయంగా ఉన్నట్టుంది" అన్నాడు.

అమ్మ తన పాత చీర అంచు చింపి కట్టింది. వదులుగా కట్టింది, ఆ ముడి పసిపిల్లాడు కూడా విప్పుకోగలడు. వాడు విప్పుకోలేదు. మానసిక విభాగం డాక్టరు వారంలో కొన్ని రోజులే ఉంటాడట, ఆరోజు ఆయన రోజు కాదట. రోగం కూడా క్యాలెండరు చూసుకుని రావాలి. మంచాలు లేవన్నారు. ర్యాంపు మీద విరిగిన మంచాలు ఉన్నాయి కదా అందామనుకున్నాను, నోరు రాలేదు. మెట్ల కింద బల్ల మీద ఉన్నాం, డాక్టరు వచ్చేదాకా. ఆ మధ్య గడిచినదాని గురించి రాయను. రాస్తే నా నోట మంచి మాటలు రావు, ఇది చదివేవాళ్ళలో పిల్లలు కూడా ఉండొచ్చు.

డాక్టరు వచ్చాడు. ఆయనే. పైఅంతస్తులో బల్ల వెనక నీలం చొక్కా చూసినాయన. మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఈసారి మాత్రం తలెత్తే చూశాడు, బాగా చూశాడు. రోగం చాలా ముదిరిందని, ఇంజెక్షన్ వెంటనే పడాలని రాశాడు. ఆ తరవాత అమ్మని తిట్టడం మొదలుపెట్టాడు. చదువుకోనివాళ్ళతో ఇదే బాధ, కొంచెం నెమ్మదించగానే మందులు మానేస్తారు, బుద్ధి ఉండక్కర్లేదా అని.

అమ్మ చేతులు కట్టుకుని నిలబడి అంతా విన్నది. తరవాత మెల్లిగా అంది. "తమరే అన్నారు కదండీ, బాగానే ఉన్నాడని. పైన గదిలోనండి."

డాక్టరు చీటీ మీంచి తలెత్తాడు. గుర్తొచ్చిందో లేదో తెలియదు.

"అది సర్టిఫికెట్‌కి చెప్పింది. ఇది ట్రీట్‌మెంట్. రెండూ వేరు."

నేను ఇప్పటికీ బండి దగ్గర అట్టు తిరగేస్తూ ఆ మాట తిరగేస్తుంటాను. రెండూ వేరట. మనిషి ఒక్కడే, బుర్ర ఒక్కటే, చూసిన కళ్ళు అవే. పింఛను ఇవ్వాల్సి వచ్చినప్పుడు రోగం లేదు, తిట్టాల్సి వచ్చినప్పుడు ముదిరిపోయింది. "అయితే సార్, ఆ సర్టిఫికెట్ డాక్టరుగారికి మీరొక మాట చెప్పి పెట్టండి, మీకు బాగా తెలిసినాయనే" అన్నాను. గదిలో నర్సు తల తిప్పేసుకుంది. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు కూడా, తరవాతి పేషెంటుని పిలవమన్నాడు. ఆయన కోప్పడి ఉంటే నాకు కొంచెం బాగుండేది.

ఇంజెక్షన్లు పడ్డాక, మాత్రలు మళ్ళీ మొదలయ్యాక, తమ్ముడు వారాల మీద కొంచెం కొంచెం వెనక్కొచ్చాడు. మాత్రలు ఇప్పుడు నా బండి మీద నడుస్తున్నాయి. బండి మీద ఏం నడుస్తుందో, ఎన్నాళ్ళు నడుస్తుందో, ఉల్లిపాయల ధర తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. సర్టిఫికెట్ మళ్ళీ తెచ్చుకోవాలి. లేకపోతే ఏదో ఒక నెల మాత్రలు ఆగుతాయి, వాడు మళ్ళీ చెరువులో దిగుతాడు. అప్పీలు పెట్టుకోవచ్చన్నారని ఆఫీసుకెళ్ళాం. అక్కడ కిటికీ వెనక ఉన్న ఉద్యోగి మంచివాడే. మా గొడవంతా విని, చుట్టూ చూసి, గొంతు తగ్గించి సలహా చెప్పాడు.

"ఈసారి ఇలా నీట్‌గా తీసుకురాకండమ్మా. స్నానం చేయించకండి, గడ్డం పెరగనివ్వండి. వారం ముందు నుంచి మాత్రలు ఆపేస్తే ఇంకా మంచిది. అలా ఉంటేనే వాళ్ళకి కనపడుతుంది."

మంచి మనసుతోనే చెప్పాడు, ఒప్పుకుంటాను. మాలాంటి ఎంతమందికి చెప్పి ఉంటాడో. ఎన్ని ఇళ్ళలో అమ్మలు పిల్లలకి వారం ముందు నుంచి మాత్రలు ఆపేసి, రోగం ముదిరేదాకా కాచుకుని, ముదిరాక బస్సెక్కించి ఉంటారో. రోగం తగ్గించాల్సిన చోటికి రోగం పెంచుకుని వెళ్ళాలి. ఇంతకంటే సిగ్గుమాలిన ఏర్పాటు నేను మార్కెట్‌లో కూడా చూడలేదు, మార్కెట్‌లో కుళ్ళిన ఉల్లిపాయని కనీసం బస్తా అడుగున దాస్తారు.

ఇంటికొచ్చాక అమ్మ మాత్రల డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. తరవాత, అయితే ఆపుదామా అంది, నేల చూస్తూ. పోయినసారి తానే ఆపింది, ఏమైందో చూసింది, అయినా అడుగుతోంది. అంతకన్నా దారి ఏముంది అన్నట్టు అడుగుతోంది. నాకు అమ్మ మీద కోపం రాలేదు. అమ్మ చేత ఆ మాట అనిపించినవాళ్ళ మీద వచ్చిన కోపం మాత్రం ఇంకా దిగలేదు. వద్దన్నాను. మాత్రలు ఆపేది లేదు, స్నానం ఆపేది లేదు. ఇవ్వకపోతే అని అమ్మ అంది. ఇవ్వకపోతే ఇంకో గిన్నె పిండి రుబ్బుతానన్నాను. అంత ధైర్యం నాకు లేదని ఇద్దరికీ తెలుసు.

అప్పీలు రోజు పొద్దున తమ్ముడే అడిగాడు, ఏ చొక్కా వేసుకోమంటావక్కా అని. వాడికంతా తెలుసు, విన్నాడు. నీలం చొక్కా ఇస్త్రీ చేయించి తెచ్చాను. ఇస్త్రీ షాపాయన అడిగితే పెళ్ళిచూపులకన్నాను.

ఈసారి బల్ల వెనక ముగ్గురున్నారు. వాడు ముగ్గురికీ విడివిడిగా నమస్కారం పెట్టాడు. అదే ప్రశ్న, ఎలా ఉన్నావు. అదే జవాబు, బాగున్నానండి. ఒకాయన కాగితం మీదికి పెన్ను దించుతుంటే నేను బల్ల దగ్గరికొచ్చేశాను. అడగలేదు కదా అంటారని తెలుసు, అందుకే అనే టైం ఇవ్వలేదు.

"శుభ్రంగా ఉండటం మా అమ్మ పనండి, రోగం వాడిది. బాగున్నానంటే నమ్మకండి, మా వైపు చెయ్యి విరిగినవాడు కూడా అదే అంటాడు. కాసేపు కూర్చోబెట్టి, చెరువులో ఎందుకు దిగావో అడగండి."

వాళ్ళలో పెద్దాయన తమ్ముడి వైపు చూసి, ఏం బాబూ, చెరువులో ఎందుకు దిగావు అన్నాడు. తమ్ముడు నా వైపు చూశాడు, బయట వరసలో ఉన్న జనం వైపు చూశాడు.

"పెద్ద కథండి. తమరికి బోలెడు పనులుంటాయి" అన్నాడు.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఇంకేమైనా అడుగుతాడేమోనని చూశాను. గుమ్మం దగ్గర పేరు పిలిచారు. ఆసుపత్రిలో ఇచ్చిన మందుల చీటీలు బల్ల మీద పెడితే, ఇవి ట్రీట్‌మెంటువి అని పక్కకి జరిపాడు ఇంకొకాయన. ఫలితం ఫోనుకి మెసేజ్ వస్తుందన్నారు.

ఇంకా రాలేదు. ఫోను మోగినప్పుడల్లా చేతులు తుడుచుకుని చూస్తాను, రీచార్జి ఆఫరు. మా వీధి చివర కాలు లేని బాబాయ్‌కి మాత్రం వచ్చింది, ఆయన వైకల్యం శాతం తగ్గిందట. మొలుస్తోందేమో బాబాయ్ అందామని ఫోను తీశాను. అనలేకపోయాను.

మొన్న పొద్దున అట్ల పెనం మీద నూనె రాస్తుండగా అమ్మ ఫోను చేసింది. హలో అంటే మాట లేదు. గాలి చప్పుడు, నీళ్ళ చప్పుడు, దూరంగా డబ్బా మోత. తరవాత వాడి గొంతు, చెరువు దాటి పక్క ఊరికి వినపడేంత గట్టిగా, ఎవర్నో పొమ్మని అరుస్తోంది. కొంగల్నో, ఇంకెవర్నో. "విన్నావటే, మళ్ళీ అరుస్తున్నాడే" అంది అమ్మ, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ముందున్న హమాలీ ఏంటండీ ఆ అరుపు అన్నాడు. మా తమ్ముడు డ్యూటీలో ఉన్నాడండి అన్నాను.

మాత్రలు ఈ నెలకి ఉన్నాయి. వచ్చే నెల సంగతి ఆ ముగ్గురి పెన్ను మీద ఉంది. లేదని రాస్తే మళ్ళీ అప్పీలు పెడతాను, మళ్ళీ పిలుస్తారు, మళ్ళీ ఆ మెట్లెక్కుతాం. ఒక్క మాట ఇప్పుడే చెప్పి పెడుతున్నాను, ఎన్నిసార్లు పిలిచినా మా వాడు తలంటుకుని, మాత్ర వేసుకుని, ఇస్త్రీ చొక్కాతోనే వస్తాడు. ఎలా ఉన్నావంటే బాగున్నానండి అనే అంటాడు. ఆ మాట దాటి ఇంకో ప్రశ్న అడగడం వాళ్ళు నేర్చుకోవాలి గానీ, మా వాడు మురికిగా ఉండటం నేర్చుకోడు.